పైకప్పు మీద మొబైల్ బేస్ స్టేషన్: సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

మీరు అడిగింది ఇదీ: మీది ఐదంతస్తుల నివాస భవనం. పైకప్పు మీద బేస్ స్టేషన్ పెట్టుకుంటామని ఒక టెలికాం కంపెనీ వచ్చింది. అద్దె వస్తుంది కదా అని కొందరు, రేడియేషన్ అని కొందరు, మీ సంఘం రెండుగా చీలిపోయింది. ఆరు యాంటెన్నాలు, పైనే ఒక బ్యాటరీ క్యాబినెట్, వీలైతే జనరేటర్ కూడా అంటున్నారు. చివరి అంతస్తులో పసిపిల్లలున్న ఇల్లుంది. ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే దేనికి పట్టుబట్టాలి?

ఇలాంటి సైట్లు కట్టించే పనిలోనూ, తర్వాత కట్టినవాటిని తనిఖీ చేసే పనిలోనూ చాలాకాలంగా ఉన్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సరిగ్గా కట్టిన బేస్ స్టేషన్ కింద కాపురం ఉండటానికి నాకేం అభ్యంతరం లేదు. అడ్డదిడ్డంగా కట్టినదాని కింద మాత్రం ఉండను. అలా ఉండనన్నది రేడియేషన్‌కి జడిసి కాదు. స్లాబులో నాలుగు బోల్టులతో నిలబెట్టిన స్తంభం, సగంలో తెగిపోయిన ఎర్తింగ్ పట్టీ, గాలాడని బ్యాటరీ పెట్టె, బెల్టు తగిలించకుండా పైకెక్కే కుర్రాడు, నన్ను కంగారు పెట్టేవి ఇవి. మీ సమావేశాల్లో వీటి గురించి ఒక్కరూ అడగలేదని మీరు రాసినదాన్ని బట్టే తెలుస్తోంది.

అయినా రేడియేషన్ సంగతి ముందు తేల్చుకుందాం. అది తేలకుండా మిగతాది ఎవరూ వినరు.

సెక్టార్ యాంటెన్నా అంటే ఒక్కో దిక్కును, అంటే ఒక్కో సెక్టార్‌ను, చూసుకునే రెండు మీటర్ల పొడవుండే పలక. దాన్నుంచి వచ్చే రేడియో తరంగాలు అన్ని వైపులా సమానంగా వెళ్లవు. అడ్డంగా దాదాపు 65 డిగ్రీల వెడల్పున, నిలువుగా మాత్రం ఆరేడు డిగ్రీల మందంలోనే వెళతాయి. మడత విసనకర్రను విప్పి నేలకు సమాంతరంగా పట్టుకుంటే ఎలా ఉంటుందో ఈ తరంగాల ధార, అంటే బీమ్, ఆకారం అలా ఉంటుంది. దాన్ని నాలుగైదు డిగ్రీలు కిందికి వంచుతారు. ఇరవై మీటర్ల ఎత్తులో ఉన్న యాంటెన్నాను ఆరు డిగ్రీలు వంచితే బీమ్ మధ్యభాగం నేలను తాకేది దాదాపు 190 మీటర్ల దూరంలో. యాంటెన్నా కిందా వెనకా పడేది ముందుకు వెళ్లేదానిలో చాలా చిన్న భాగం. మంచి యాంటెన్నాల్లో వెనక్కి పోయేది ముందుకు పోయేదానిలో 300వ వంతుకు మించదు.

ఇప్పుడు లెక్క వేసి చూద్దాం. ఒక బ్యాండులో, అంటే కంపెనీ వాడే ఒక ఫ్రీక్వెన్సీ శ్రేణిలో, యాంటెన్నాకు మొత్తం 80 వాట్లు అందుతోంది, అది ఒక దిశలో 50 రెట్లు కేంద్రీకరిస్తోంది అనుకోండి. ముందువైపు ప్రభావం 4000 వాట్లతో సమానం. దాన్ని దూరం వర్గానికి 4π రెట్లతో (అంటే దాదాపు 12.6 రెట్లతో) భాగిస్తే ఒక చదరపు మీటరు మీద ఎన్ని వాట్లు పడుతోందో వస్తుంది. ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ కమిషన్ 1998లో ఇచ్చి, 2020లో సవరించిన మార్గదర్శకాల్లో సాధారణ ప్రజలకు పరిమితి 2 గిగాహెర్ట్జ్ పైన చదరపు మీటరుకు 10 వాట్లు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర ఇది 4.5 వాట్లు. మన 4000 వాట్ల యాంటెన్నాకు ఎదురుగా 10 వాట్ల హద్దు ఐదున్నర మీటర్ల దూరంలో వస్తుంది. కొన్ని దేశాలు ఈ పరిమితిలో పదో వంతునే అనుమతిస్తాయి. అక్కడ అదే హద్దు దాదాపు 18 మీటర్లకు జరుగుతుంది. మీకు వర్తించే పరిమితి ఏదో ముందు కనుక్కోండి, ఎందుకంటే కంచె ఎక్కడ కట్టాలన్నది దాన్నిబట్టే మారుతుంది.

ఇక చివరి అంతస్తు ఇల్లు. యాంటెన్నాకు ఐదు మీటర్ల కింద గది ఉందనుకుందాం. కిందికి వచ్చేది 300వ వంతు అనుకుని అదే లెక్క వేస్తే చదరపు మీటరుకు దాదాపు 0.04 వాట్లు వస్తుంది. అంటే 10 వాట్ల పరిమితిలో 250వ వంతు. ఇంకా మధ్యలో ఉన్న కాంక్రీటు స్లాబును లెక్కలోకి తీసుకోనే లేదు. మూడు నాలుగు బ్యాండ్లు కలిపినా ఆ గదికి వచ్చేది పరిమితి దరిదాపుల్లోకి రాదు. పిల్లల గదిలో మంచం జరపాలా, గోడకు రేకు కొట్టించాలా అని అడిగారట. అక్కర్లేదు.

మరి ఎవరి గురించి ఆలోచించాలి? ఎదుటి భవనం గురించి. మీ యాంటెన్నా ఎత్తులోనే, దానికి సూటిగా, ఇరవై మీటర్ల దూరంలో ఎవరి బాల్కనీయో, డాబాయో ఉంటే అక్కడ పడేది చదరపు మీటరుకు 0.8 వాట్లు. 10 వాట్ల పరిమితి ఉన్నచోట అది ఏమంత లెక్కలోది కాదు. పదో వంతు పరిమితి ఉన్నచోట మాత్రం ఒక్క బ్యాండుతోనే హద్దు అంచుకు వచ్చేసినట్టే. రెండో బ్యాండు కలిపితే దాటిపోతుంది. కాబట్టి కంపెనీవాళ్లను మొదట అడగాల్సింది, ఏ సెక్టార్ ఏ దిక్కుకు తిరిగి ఉంటుంది, ఆ దిక్కులో అదే ఎత్తున ఉన్న దగ్గరి కట్టడం ఎంత దూరం అని. అజిముత్ అంటారు ఆ దిక్కును. ఉత్తరం నుంచి డిగ్రీల్లో రాస్తారు. మూడు సెక్టార్లకు మూడు అంకెలు, వాటికి ఎదురుగా మూడు దూరాలు. ఒక్క కాగితం మీద వచ్చేస్తాయి.

అన్ని బ్యాండ్లూ కలిపి లెక్కించారా అని కూడా చూడండి. ఒక్కో బ్యాండు విడివిడిగా పరిమితికి లోపల ఉందని చూపించే రిపోర్టులు నాకు తగులుతూనే ఉంటాయి. అది సరైన పద్ధతి కాదు. ప్రతి బ్యాండు తన పరిమితిలో ఎన్నో వంతు వాడుకుంటోందో తీసుకుని అన్నీ కూడాలి. మొత్తం 1 దాటకూడదు. అదే పైకప్పు మీద ఇంకో కంపెనీ యాంటెన్నాలు ఉంటే అవి కూడా ఈ కూడికలోకి రావాలి. బేస్ స్టేషన్ దగ్గర క్షేత్రాన్ని ఎలా లెక్కించాలి, ఎలా కొలవాలి అన్నదానికి ఐఈసీ 62232 అనే ప్రమాణం ఉంది. రిపోర్టులో ఆ పేరు కనిపించాలి. మొబైల్లో యాప్ వేసుకుని రేడియేషన్ కొలిచామంటూ ఎవరైనా వస్తే మర్యాదగా పంపించేయండి. ఫోన్లో ఆ పని చేసే సెన్సర్ ఉండదు.

5జీ గురించి కూడా అడిగారు. కొత్తరకం యాక్టివ్ యాంటెన్నాలో బీమ్ ఒకచోట స్థిరంగా ఉండదు, ఫోన్ ఎటు ఉంటే అటు తిరుగుతుంది. ఒక్క క్షణం చూస్తే పాత యాంటెన్నాకన్నా బలంగా ఉంటుంది. నిమిషాల మీద సగటు చూస్తే ఏ ఒక్క దిక్కుకూ పూర్తి బలం నిలకడగా పడదు. పరిమితులు పెట్టిందే సగటు మీద: 2020 మార్గదర్శకాల్లో మొత్తం శరీరానికి 30 నిమిషాల సగటు. కాబట్టి రిపోర్టులో గరిష్ఠ పవర్‌తో లెక్క వేశారా, సగటు పవర్‌తో వేశారా అని అడగండి. సగటుతో వేస్తే ఆ సగటు దాటకుండా పరికరంలోనే కట్టడి పెట్టారా అన్నది రెండో ప్రశ్న. దీనికి సూటిగా జవాబు చెప్పగలిగిన ఇంజనీరు దొరికితే అతన్ని వదలకండి.

క్యాన్సర్ మాట ఎలాగూ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను 2బి వర్గంలో, అంటే క్యాన్సర్ కారకం కావచ్చేమో అనే జాబితాలో పెట్టింది. అందుకు ఆధారంగా తీసుకున్నవి ప్రధానంగా ఫోన్‌ను తలకు ఆనించి బాగా ఎక్కువగా మాట్లాడేవాళ్ల మీద జరిగిన పరిశీలనలు, వాటినీ పరిమితమైన ఆధారాలనే అంది. ఈ తరంగాలకు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి లేదు. ఎక్స్‌రేలతో వీటిని ఒక గాటన కట్టడం తప్పు. ఇవి చేసేదని నిర్ధారణగా తెలిసినది వేడి పుట్టించడం, పరిమితులు ఆ వేడికి చాలా దిగువనే ఉంటాయి. ఇంకో సంగతి: సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మీ ఫోనే గొంతు పెంచుతుంది, సాధారణ 4జీ ఫోనైతే గరిష్ఠంగా దాదాపు 0.2 వాట్ల దాకా, అదీ చెవికి ఆనించుకుని ఉన్నప్పుడు. బేస్ స్టేషన్‌ను దూరంగా తరిమితే మీ తలకు తగిలేది తగ్గదు.

సరే, రేడియేషన్ నిజంగా ప్రమాదమయ్యేది ఎవరికి? పైకప్పు మీదికి వెళ్లేవాళ్లకు. నీళ్ల ట్యాంకు చూసే మనిషి, బట్టలు ఆరేసేవాళ్లు, రంగులు వేసే మేస్త్రీ, డిష్ సరిచేసే కుర్రాడు. యాంటెన్నాను పిట్టగోడ అంచున బయటికి తిప్పి, మనిషి తలకన్నా పైకి వచ్చేలా పెడితే దాని ముందుకు ఎవరూ రాలేరు. ఆ ఒక్క నిర్ణయంతో గొడవ చాలావరకు తీరిపోతుంది. అలాకాకుండా డాబా నడుమ స్తంభం పాతి, బీమ్ డాబా మీదుగానే వెళ్లేలా పెడితే మాత్రం ఒప్పుకోకండి. కేబుల్ ఖర్చు కలిసొస్తుందని అలా పెట్టాలని చూస్తుంటారు. హద్దు లోపలి భాగానికి గొలుసో, రెయిలింగో కట్టాలి, గేటుకు తాళం ఉండాలి, మీ పనివాళ్లకు చదవొచ్చిన భాషలో బోర్డు ఉండాలి. ఆ బోర్డు మీద ఫోన్ నంబరు ఉండాలి. నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ఎత్తాలి కూడా. ఒప్పందానికి ముందే ఒకసారి చేసి చూడండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, ఒంట్లో ఇతర ఎలక్ట్రానిక్ పరికరాలు ఉన్నవాళ్లు ఆ హద్దు దాటి వెళ్లకూడదు.

యాంటెన్నా ముందు పని పడితే దాన్ని ఆపించి పనిచేయాలి. ఆపడం అంటే ఎక్కడో కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి సెక్టార్ లాక్ చేయించడం మాత్రమే అనుకుంటారు చాలామంది. షిఫ్టు మారుతుంది, కొత్తగా కూర్చున్నవాడు అలారం చూసి సెక్టార్‌ను మళ్లీ ఆన్ చేస్తాడు, ఇక్కడ మనిషి పలక ముందే ఉంటాడు. అందుకే సైట్లో ఆ రేడియోకు కరెంటు ఇచ్చే బ్రేకర్‌ను దించి, దానికి తాళమో ట్యాగో వేయాలి. పనిచేసేవాడి ఛాతీ మీద ఆర్‌ఎఫ్ మానిటర్, అంటే రేడియో తరంగాలను పసిగట్టే పరికరం, ఉండాలి. పక్క స్తంభం మీద వేరే కంపెనీ యాంటెన్నా ఆన్‌లో ఉంటే ఆ మానిటర్ అరిచి చెబుతుంది.

ఇక్కడిదాకా చెప్పింది మీరు అడిగిన దానికి. ఇప్పుడు మీరు అడగని దాని గురించి.

మొదటిది గాలి. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల ఈదురుగాలి చదరపు మీటరు మీద దాదాపు 1500 న్యూటన్ల బలంతో నెడుతుంది. రెండు మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక్క యాంటెన్నా పలక మీద, ఆకారాన్ని బట్టి వచ్చే గుణకంతో కలిపితే 1100 న్యూటన్లు. నూటపది కిలోల బరువు స్తంభాన్ని అడ్డంగా లాగుతున్నట్టు లెక్క. అలాంటివి ఆరు. వాటి వెనక రేడియో యూనిట్లు వేరే. ఆ బలమంతా నాలుగైదు మీటర్ల ఎత్తులో పనిచేసి స్తంభం పాదాన్ని పెకలించాలని చూస్తుంది. స్తంభం బరువెంత అన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న కాదు, పాదం దేన్ని పట్టుకుని ఉంది అన్నదే ప్రశ్న.

పన్నెండు, పదమూడు సెంటీమీటర్ల స్లాబులో ఎక్స్‌పాన్షన్ బోల్టులు దింపి బేస్ ప్లేట్ బిగిస్తామంటే ఒప్పుకోవద్దు. పాదం కాలమ్ తల మీద పడాలి, లేదా కాలమ్ నుంచి కాలమ్‌కు వేసిన ఇనుప దూలాల మీద పడాలి. డ్రిల్లింగ్ లేకుండా కాంక్రీటు దిమ్మెల బరువుతో నిలబెట్టే పద్ధతి కూడా ఉంది. వాటర్‌ప్రూఫింగ్ చెడదు, మంచిదే. కాని ఆ దిమ్మెల బరువు స్లాబు మీదే పడుతుంది కాబట్టి లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాలి.

బ్యాటరీల బరువు దగ్గర జనం ఇంకా మోసపోతారు. మనుషులు తిరిగే పైకప్పును సాధారణంగా చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల బరువుకు డిజైన్ చేస్తారు. 48 వోల్టుల, 600 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ బ్యాంకు టన్నుకు దగ్గరగా తూగుతుంది, అదీ ఒక బీరువా పట్టేంత చోటులో. చూడటానికి బుద్ధిగా ఓ మూల నిలబడి ఉంటుంది. కింద దూలం లేకపోతే స్లాబు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వంగుతుంది. కింది గదిలో పైకప్పు పెచ్చు ఊడినప్పుడు గాని తెలియదు. బ్యాటరీలు పైన పెట్టాల్సిందే అంటే దూలాల మీద ఇనుప చట్రం వేసి దానిమీద పెట్టమనండి. నేలమట్టంలో చోటుంటే అక్కడే పెట్టమనడం ఇంకా మేలు.

స్ట్రక్చరల్ స్టెబిలిటీ సర్టిఫికెట్ తెచ్చామని ఒక పేజీ కాగితం ఇస్తారు. దాన్ని పక్కన పెట్టి లెక్కల పుస్తకం అడగండి. మీ భవనం కాలమ్ డ్రాయింగ్ అందులో ఉందా? గాలి వేగం ఎంత తీసుకున్నారు? ఎన్ని యాంటెన్నాలకు లెక్కించారు? ఇవాళ ఆరు అంటారు, రెండేళ్లకు ఇంకో మూడు వేలాడదీస్తారు, లెక్క మాత్రం ఆరుకే ఉంటుంది. సర్టిఫికెట్ ఇచ్చిన ఇంజనీరు భవనానికి వచ్చి చూశాడా అన్నది మీ వాచ్‌మన్‌ని అడిగితే తెలిసిపోతుంది.

రెండోది పిడుగు. టవర్ పిడుగును పిలుస్తుందా అని చాలామంది అడుగుతారు. ఎత్తుగా ఉన్న ఏ లోహపు వస్తువుకైనా పిడుగు తగిలే అవకాశం కాస్త ఎక్కువే. తగిలాక అది ఏ దారిన నేలలోకి పోతుందన్నది మనం కట్టేదాన్ని బట్టి ఉంటుంది. ఎర్తింగ్ 10 ఓమ్‌ల లోపు ఉందని కాగితం చూపించి మురిసిపోతుంటారు. పిడుగులో 30 వేల ఆంపియర్లు రావడం మామూలే. 10 ఓమ్‌ల మీద 30 వేల ఆంపియర్లంటే 3 లక్షల వోల్టులు! ఓమ్‌లు తగ్గించడం మంచిదే, కాని ప్రాణాలు కాపాడేది అన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపి కట్టడం. స్తంభం, క్యాబినెట్, కేబుల్ ట్రే, భవనం కరెంటు ఎర్త్, నీళ్ల పైపులు, దగ్గర్లో ఉన్న రెయిలింగ్, సోలార్ పలకల చట్రాలు అన్నీ ఒకే ఎర్త్‌కు కలిసి ఉంటే పిడుగు పడ్డప్పుడు అన్నీ కలిసి పైకి లేస్తాయి, కలిసి దిగుతాయి. మధ్యలో తేడా లేదు కాబట్టి మెరుపు ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకదు. కంపెనీది వేరే ఎర్త్, మీది వేరే ఎర్త్, రెండిటికీ సంబంధం లేదంటే ఆ మూడు లక్షల వోల్టులూ మీ ఇంటి వైరింగ్ మీదికి దూకడానికి సిద్ధంగా ఉన్నట్టే.

దించే పట్టీలు కనీసం రెండు ఉండాలి, భవనానికి వేర్వేరు వైపుల. వీలైనంత నిటారుగా దిగాలి. పట్టీని పిట్టగోడ చుట్టూ మడిచి, మెలితిప్పి తీసుకెళితే పిడుగు ఆ మలుపు దగ్గర దారి మార్చుకుంటుంది. యాంటెన్నాకు సిగ్నల్ తీసుకెళ్లే ఫీడర్ కేబుళ్లకు, రేడియో యూనిట్ల కరెంటు కేబుళ్లకు పైన ఒకటి, భవనంలోకి దిగే ముందు ఒకటి ఎర్త్ కిట్లు (కేబుల్ తొడుగును ఎర్త్‌కు కలిపేవి) ఉండాలి, ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్షన్ ఉండాలి.

ఒక సైట్లో చూసింది చెబుతాను. పైన ఎర్త్ బార్ దగ్గర అంతా ముచ్చటగా ఉంది. ఆకుపచ్చ తీగలు వరసగా, లగ్గులు గట్టిగా బిగించి, గ్రీజు రాసి, ట్యాగులు కూడా వేసి ఉన్నాయి. బార్ నుంచి కిందికి దిగిన పట్టీ వెంట మెట్లు దిగుతూ చూస్తూ వస్తే మూడో అంతస్తు వెనకగోడ దగ్గర పట్టీ లేదు. క్లాంపులు మాత్రం గోడకు మిగిలాయి. రాగి కదా, ఎవరో కోసుకుపోయారు. పై ముక్కకూ కింది ముక్కకూ మధ్య రెండు మీటర్ల ఖాళీ. నేల దగ్గర ఎర్త్ పిట్‌కు మీటర్ పెట్టి కొలిస్తే రీడింగ్ మాత్రం బంగారంలా వచ్చింది, పిట్ బాగానే ఉంది మరి. తనిఖీ అంటే పట్టీ వెంట పైనుంచి కిందిదాకా నడవడం. ఈ పని మీ సంఘంవాళ్లే నెలకోసారి చేయొచ్చు, దీనికి ఇంజనీరు అక్కర్లేదు. గాల్వనైజ్డ్ ఇనుప పట్టీ వేయమంటే దొంగల బెడద కూడా తగ్గుతుంది.

బ్యాటరీల సంగతి. 48 వోల్టులు కదా, షాక్ కొట్టదు కదా అని తేలిగ్గా తీసుకుంటారు. ముట్టుకుంటే మామూలుగా షాక్ కొట్టదు, నిజమే. కాని పానా జారి రెండు టెర్మినళ్ల మధ్య పడిందంటే వేల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. ఆ ఇనుము కళ్లముందే ఎర్రబడి కరిగి చిమ్ముతుంది. ఉంగరం, చేతి గడియారం తీసేయకుండా బ్యాటరీ మీద పనిచేసేవాణ్ని నేను సైట్లోకి రానివ్వను. పానాలకు ఇన్సులేషన్ ఉండాలి, టెర్మినళ్లకు మూతలుండాలి.

లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎక్కువ చార్జ్ అయితే హైడ్రోజన్ వదులుతాయి. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వతో పేలుతుంది. అందుకే క్యాబినెట్‌కు గాలి తూములు ఉండాలి, వాటికి ఎవరూ అట్టముక్కలు అడ్డం పెట్టకూడదు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా, బ్యాటరీ పక్కలు ఉబ్బినా అది వేడెక్కి చెడిపోతోందని అర్థం. దగ్గరికి వెళ్లకుండా వెంటనే ఫోన్ చేయండి. లిథియం బ్యాటరీలు బరువు తక్కువ, ఇప్పుడు ఎక్కువగా అవే వస్తున్నాయి. ఐరన్ ఫాస్ఫేట్ రకమా అని అడగండి, మిగతా లిథియం రకాలకన్నా అది నిలకడైనది. ఏ రకమైనా మెట్లగది తలుపు పక్కన మాత్రం పెట్టనివ్వకండి. అగ్ని ప్రమాదం జరిగితే జనం పైకి పారిపోవాల్సి వచ్చినా, అగ్నిమాపక సిబ్బంది కిందికి దిగాల్సి వచ్చినా ఉన్నది ఆ ఒక్క దారే.

జనరేటర్ గురించి నా మాట ఒక్కటే, పైకప్పు మీద వద్దు. డీజిల్ నిల్వ, కంపనం, పొగ, మూడూ నివాస భవనం నెత్తిన పెట్టుకోవాల్సినవి కావు. కింద పెట్టినా పొగగొట్టం కిటికీలకూ గాలి తూములకూ దూరంగా పోవాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇక ఎక్కే మనిషి. ఈ పరిశ్రమలో మనుషుల్ని చంపేది ముఖ్యంగా ఎత్తు. వాళ్లు మీ ఉద్యోగులు కారు, నిజమే, కాని పడేది మీ ఆవరణలోనే. ఫుల్ బాడీ హార్నెస్ (ఒళ్లంతా పట్టి ఉంచే బెల్టు), దాన్ని స్తంభానికి తగిలించే రెండు కొక్కేల తాడు, అంటే లాన్యార్డ్, ఉండాలి. ఒక కొక్కెం తీసేలోపు రెండోది తగిలి ఉండాలి, ఏ క్షణమూ మనిషి వట్టిగా ఉండకూడదు.

పైకప్పు సైట్లలో ఎవరూ పట్టించుకోని లెక్క ఒకటుంది. షాక్ అబ్జార్బర్ ఉన్న లాన్యార్డ్ రెండు మీటర్లు. పడ్డప్పుడు అబ్జార్బర్ విచ్చుకునేది 1.75 మీటర్ల దాకా. హార్నెస్ కొక్కెం నుంచి పాదాల దాకా ఒకటిన్నర మీటర్లు, పైన ఒక మీటరు భద్రత. కొక్కెం తగిలించిన చోటు కింద మొత్తం ఆరు మీటర్ల పైచిలుకు ఖాళీ కావాలి. నాలుగు మీటర్ల స్తంభం మీద లాన్యార్డ్ తగిలించుకున్నవాడు అది పూర్తిగా విచ్చుకునేలోపే డాబా నేలకు తగులుతాడు. పెద్ద టవర్ల కోసం కొన్న బెల్టునే ఇక్కడికీ తెచ్చి, భద్రత పాటించామని ఫొటో తీసి పంపిస్తారు. పొట్టి స్తంభం మీద అసలు పడకుండా పట్టి ఉంచే వర్క్ పొజిషనింగ్ తాడు కావాలి, లేదా చిన్న ప్లాట్‌ఫాం కావాలి. పిట్టగోడ అంచున పనైతే అంచుదాకా పోనివ్వనంత పొడవే ఉండే తాడు కావాలి.

ఒక్కడే వచ్చి ఎక్కుతానంటే వెనక్కి పంపండి. ఇద్దరుండాలి, రెండోవాడికి పైవాణ్ని దించడం వచ్చి ఉండాలి. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి నిమిషాల్లోనే రక్తప్రసరణ దెబ్బతింటుంది, అంబులెన్సు వచ్చేదాకా ఆగే వ్యవహారం కాదు. పనిముట్లకు తాడు కట్టి ఉండాలి. కింద, ఆ గోడ పక్కన, టేపు కట్టి జనాన్ని ఆపాలి. ఐదో అంతస్తు నుంచి పడ్డ నట్టు కూడా తల పగలగొడుతుంది. ఉరుము వినిపిస్తే దిగిపోవాలి, ఎంత తొందర పనైనా సరే.

గోడకు బిగించే చిన్న సెల్స్, అంటే చిన్నపాటి బేస్ స్టేషన్ల గురించి ఇంకొకరు అడిగారని రాశారు. అవి వేరే సంగతి. ముందుదిశలో 10 వాట్ల లోపు ప్రభావం ఉన్నవైతే, జనం నడిచే చోటుకు 2.2 మీటర్లకన్నా ఎత్తున పెడితే సాధారణంగా చాలు. తలకు తగిలే ఎత్తులో లిఫ్టు పక్కన పెడతామంటే ఒప్పుకోకండి.

ఒప్పందంలో ఈ కాగితాలన్నీ అనుబంధాలుగా ఉండాలి: అజిముత్‌లూ దూరాలూ ఉన్న పైకప్పు ప్లాను, అన్ని బ్యాండ్లూ కలిపిన ఆర్‌ఎఫ్ రిపోర్టు, స్ట్రక్చరల్ లెక్కలు, ఎర్తింగ్ డ్రాయింగ్. కొత్తగా ఒక్క యాంటెన్నా తగిలించినా, దిక్కు మార్చినా, ఈ నాలుగూ మళ్లీ ఇచ్చాకే పని మొదలుపెట్టాలన్న షరతు రాయించండి. ఆన్ చేశాక ఎదుటి భవనం బాల్కనీలో, మీ డాబా మీద, చివరి అంతస్తు ఇంట్లో కొలిచి చూపించాలనీ, మీ మనిషి పక్కనుండగానే కొలవాలనీ రాయించండి. బోల్టులన్నిటి మీద బిగింపు గుర్తుగా రంగుగీత వేయమనండి. నట్టు మీదా ప్లేటు మీదా ఒకే గీత ఉంటుంది కాబట్టి నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. వానాకాలం ముందు ఒకసారి, పెద్ద గాలివాన తర్వాత ఒకసారి మీవాళ్లే పైకెళ్లి ఆ గీతలు, బేస్ ప్లేట్ చుట్టూ తుప్పు మరకలు, స్లాబు కింద చెమ్మ చూసుకోవచ్చు. ఒప్పందం ముగిస్తే ఎన్ని రోజుల్లో అన్నీ విప్పి, చిల్లులు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ వేసి అప్పగిస్తారో కూడా ఇప్పుడే రాయించుకోండి, అద్దె ఆగిపోయాక ఎవరూ ఫోనెత్తరు.

ముందుగా ఆ మూడు అజిముత్‌లు, ఎదుటి భవనాల దూరాలు, కాలమ్ డ్రాయింగ్ సంపాదించండి. బ్యాండ్ల వివరాలు కూడా కలిపి పెడితే హద్దు ఎక్కడ పడుతుందో లెక్క వేసి చెబుతాను.